కూలిన చెట్టు కోసే పనితనం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటాక వీధి వీధినా చెట్లు కూలాయి. అంబులెన్సుకైనా, కరెంటువాళ్ల బండికైనా దారి ఇచ్చింది గొడ్డలి, రంపం పట్టినవారే. వారికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

నిలబడ్డ చెట్టుకన్నా పడిన చెట్టు ప్రమాదం. ముందు తీగల్లో కరెంటు లేదని తేల్చుకుంటారు. కొమ్మలు నరికి బరువు తగ్గిస్తారు. రెండు చివరలా ఆని వేలాడే మాను విల్లులా బిగిసి ఉంటుంది. దాన్ని పైనుంచి కొంచెమే కోసి, మిగతాది కిందినుంచి కోస్తారు. పైనుంచే కోసుకుపోతే కోత మూసుకుని రంపం ఇరుక్కుంటుంది. వేళ్లతో లేచిన మొదలు, మాను తెగగానే ఒక్కసారిగా వెనక్కి లేవవచ్చు. అందుకే వేళ్ల గుంతలోకి ఎవరినీ దిగనివ్వరు. ఎంత అనుభవమున్నా ఈ జాగ్రత్త తప్పరు.

దుంగలు అడితికి, చిల్లర కొమ్మలు మోపులుగా పొయ్యిలోకి వెళతాయి.