తొక్కు అడగనివ్వని కూర

సుబేదారిలో మా వదినె తోటకూర వండితే సగం పనితనం పొయ్యి ముట్టించకముందే కనిపిస్తుంది. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి ఆకును ముంచి, మట్టి అడుగుకు దిగేదాకా ఆగుతుంది. తర్వాత ఆకును చేత్తో పైకెత్తి తీస్తుంది. గిన్నె వంచితే దిగిన మట్టి మళ్లీ ఆకుకే పడుతుంది కదా. కడిగాకే కోత, కోసి కడిగితే సి విటమిన్ నీళ్ల పాలవుతుంది. కాడలు ముందు మగ్గుతాయి, ఆకు చివర్లో పడుతుంది. విడిగా నీళ్లు పోయదు, ఆకుకు అంటిన తడే చాలు.

నన్ను అబ్బురపరిచేది ఉప్పు వేసే వేళ. పచ్చి ఆకు గిన్నె నిండా ఉన్నప్పుడు చెయ్యి ఎక్కువే వేస్తుంది. అందుకే కూర కుంగి గుప్పెడయ్యాక చిటికెడు వేస్తుంది. ఆ వెలితిని దంచిన ఎల్లిపాయ పోపు, దించాక పిండిన నిమ్మరసం పూడుస్తాయి. పొయ్యి మీద పిండితే నిమ్మలోని సి విటమిన్ కొంత వేడికే పోతుంది.

ఈ చిటికెడుకు చాలా విలువుంది. అతి ఉప్పు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఉప్పులో ఊరబెట్టినవి జీర్ణాశయ క్యాన్సర్ ముప్పును పెంచే అవకాశం ఎక్కువని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2018 నివేదిక తేల్చింది. ఆ ఆధారాలు ముఖ్యంగా తూర్పు ఆసియా తిండివి. మన మామిడికాయ తొక్కు అచ్చం అదే కాదు, ఉప్పు మాత్రం దండిగానే ఉంటుంది. పళ్లు, కూరగాయల రక్షణకు ఆధారాలు అంత గట్టివి కావు. కడుపులో నైట్రైట్లు హానికర నైట్రోసమైన్లుగా మారకుండా సి విటమిన్ అడ్డుపడుతుందన్నది ఆ రక్షణకు చెప్పే ఒక కారణం. 1994లోనే క్యాన్సర్ కారకంగా గుర్తించిన హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా సోకితే కూర సరిపోదు, డాక్టరిచ్చే మందులు వాడాల్సిందే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు చెప్పింది. పక్కన తొక్కు ఉంటే పిడికెడు కూరతోనే అన్నం అయిపోతుంది, ఇక 400 గ్రాములు ఎక్కడ లోపలికి పోతాయి? వదినె కూర కలుపుకున్నవాళ్లు తొక్కు జాడీ వైపు చూడరు, మారు వడ్డించుకునేది కూరే. ఈ పనితనానికి నేను దండం పెడతాను.

జామకాయ విషయంలోనూ అంతే. కమలాపండు కంటే సి విటమిన్ ఎన్నో రెట్లున్న పండు అది. దోరగా ఉంటే పిల్లలు ఉప్పూ కారం అడుగుతారని, వాసన వచ్చి వేలికి కాస్త మెత్తగా తగిలినదే ఏరి కోస్తుంది.