మొద్దుబారిన చెంపకి మాటలు

వర్జీనియా వుల్ఫ్ ‘ఆన్ బీయింగ్ ఇల్’ వ్యాసం 1926లో వచ్చింది. ప్రేమకీ యుద్ధానికీ అసూయకీ దొరికిన చోటు సాహిత్యంలో జబ్బుకి ఎందుకు దొరకలేదని ఆమె అందులో అడిగింది. ప్రేమలో పడ్డ పిల్లకి తన మనసు చెప్పడానికి షేక్‌స్పియర్ ఉన్నాడు, తలనొప్పితో డాక్టరు ముందు కూర్చున్న మనిషికి మాటే దొరకదు అన్నది ఆమె ఫిర్యాదు. స్త్రీల అనారోగ్య రచనల గురించి ఎవరు రాసినా ఇక్కణ్ణించే మొదలుపెడతారు. నేనూ అంతే. అయితే ఈ వందేళ్ళలో ఆ ఫిర్యాదుకి సగమే జవాబు వచ్చిందనీ, మిగతా సగాన్ని స్త్రీవాదులం మనం కూడా పట్టించుకోలేదనీ నాకనిపిస్తోంది.

జవాబు వచ్చిన సగం నొప్పి. 1975లో రోనాల్డ్ మెల్జాక్ ప్రచురించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే మాటలు 78 ఉన్నాయి. పొడిచినట్టా, కోసినట్టా, కాల్చినట్టా, సలుపుతున్నట్టా, రోగి తన మాట తను ఏరుకోవచ్చు. 1985లో ఎలైన్ స్కారీ ‘ది బాడీ ఇన్ పెయిన్’లో, నొప్పి భాషనే ధ్వంసం చేస్తుందని వాదించింది. మాటలు లేవన్న సంగతి చుట్టూ బోలెడు మాటలు పుట్టాయి. మన దగ్గరా అంతే. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ తర్వాత పురిటినొప్పిని ఎవరూ మాతృత్వపు తీపిగా మాత్రమే రాయలేకపోయారు. జవాబు రాని సగం తిమ్మిరిది. నొప్పి లేకపోవడం గురించి కాదు నేనంటున్నది. స్పర్శే లేకపోవడం గురించి.

ఇందులో నాకు స్వార్థం ఉంది. నాకు ట్రైజెమినల్ న్యూరాల్జియా వచ్చింది. మొహానికి స్పర్శనిచ్చే అయిదో కపాల నాడి తాలూకు జబ్బు. పళ్ళు తోముకున్నా, ఫ్యాను గాలి తగిలినా, నోరు తెరిచి మాట్లాడినా చెంపలో కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుంది. క్షణాల్లో పోతుంది, మళ్ళీ వస్తుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ. టెగ్రెటాల్ మాత్రలు కొన్నేళ్ళు కాపాడాయి. మోతాదు పెరిగేకొద్దీ క్లాసులో వాక్యం మధ్యలో మాట మర్చిపోవడం మొదలయింది. చెవి వెనక పుర్రె తెరిచి, నరాన్ని ఒత్తుతున్న రక్తనాళాన్ని పక్కకి జరిపి, మధ్యలో టెఫ్లాన్ మెత్త పెట్టే ఆపరేషన్ ఉంది. నాకు తెరిచి చూస్తే ఒత్తుతున్న నాళమేదీ కనపడలేదు. అలాంటప్పుడు చేసే పనుల్లో ఒకటి చేశారు: స్పర్శని మోసే నరం వేరుని కొంత కోశారు. ముందే చెప్పారు, సంతకమూ తీసుకున్నారు. నొప్పి పోయింది. దాంతోపాటు కుడి చెంప, పైపెదవిలో సగం, కింది పెదవిలో సగం, చిగుళ్ళు, నాలుక కుడి అంచు పోయాయి. ఆ బేరం మళ్ళీ చెయ్యమన్నా చేస్తాను.

పోయాయి అన్నాను గానీ చూసేవాళ్ళకి ఏదీ పోలేదు. మొహాన్ని కదిపేది ఏడో నాడి. అది భద్రంగా ఉంది. నవ్వగలను, కనుబొమలు ముడవగలను. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా “మొహం ఏమీ మారలేదు, అదృష్టవంతురాలివి” అన్నారు. ఆపరేషన్ అయిన ఆడదాన్ని ఊరడించడానికి మనకి తెలిసిన మాట అదొక్కటే. సాహిత్యంలో కూడా మొహం అంటే చాలా వరకు కనపడే మొహమే అని, ఆ తర్వాతి నెలల్లో పుస్తకాలు ముందేసుకున్నాక తెలిసింది.

ఈ జబ్బు చరిత్రే అలా మొదలవుతుంది. 1677 చివర్లో తత్వవేత్త జాన్ లాక్ పారిస్‌లో ఉన్నప్పుడు ఇంగ్లండ్ రాయబారి భార్య, నార్తంబర్లాండ్ కౌంటెస్‌కి వైద్యం చేశాడు. ఆమెకొచ్చే మొహం నొప్పి గురించి లండన్‌లోని డాక్టర్ మేపుల్‌టాఫ్ట్‌కి ఉత్తరాలు రాశాడు. ఆమె ఎలా అరిచేదో, మూతి ఎటు లాక్కుపోయేదో శ్రద్ధగా రాశాడు. చెయ్యి తిరిగిన పరిశీలకుడు, సందేహం లేదు. వైద్య చరిత్రకారులు ఇప్పటికీ ఆ ఉత్తరాలనే ఎత్తి చూపిస్తారు. ఆ వర్ణనలో మూతి ఉంది, అరుపు ఉంది. రెండూ బయటినుంచి అందేవే. దీని పక్కన ఫానీ బర్నీ ఉత్తరాన్ని పెట్టి చూడండి. 1811 సెప్టెంబర్‌లో, అదే పారిస్‌లో, మత్తు లేకుండా ఆమె రొమ్ము కోశారు. మొహం మీద పల్చటి జేబురుమాలు కప్పారు. దానిగుండా అన్నీ కనపడుతూనే ఉన్నాయి. అక్కకి ఆ ఉత్తరం రాసి ముగించేసరికి 1812 వచ్చింది. కత్తి ఎముకని గీరుతున్న సంగతి ఆమె లోపల్నించి రాసింది. వైద్యుడు రాసిన శరీరానికీ, ఆ శరీరంలో ఉన్న మనిషి రాసినదానికీ తేడా ఎంతో విద్యార్థులకి చెప్పాలంటే నాకు ఇంతకన్నా మంచి జంట దొరకదు. అయితే బర్నీకి స్పర్శ ఉంది, భయంకరంగా ఉంది. రాయడానికి పట్టు దొరికింది.

మొహం గురించి ఇటీవలి కాలంలో స్త్రీలు రాసిన రెండు ఆత్మకథలు చాలామందికి తెలుసు. లూసీ గ్రీలీ ‘ఆటోబయాగ్రఫీ ఆఫ్ ఎ ఫేస్’ 1994లో వచ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు దవడకి కాన్సర్ వచ్చి ఎముక కొంత తీసేశారు. తర్వాత ఆమె జీవితమంతా వరసగా ఆపరేషన్లు. నిర్దాక్షిణ్యమైన పుస్తకం, ముందు తన పట్లే. కానీ దాన్ని నడిపించేది చూపులు: తోటి పిల్లల చూపులు, మగవాళ్ళ చూపులు, చివరికి ఆమె దాదాపు ఏడాదిపాటు తప్పించుకు తిరిగిన అద్దం. నాటక రచయిత్రి సారా రూల్ ‘స్మైల్’ 2021లో వచ్చింది. కవలల్ని కన్న మర్నాడు బెల్స్ పాల్సీ వచ్చి ఎడమవైపు మొహం కదలడం మానేసింది. నవ్వని ఆడదాన్ని లోకం ఏమనుకుంటుందో, తల్లి నవ్వు పసిపిల్లలకి అందకపోతే ఏమవుతుందో ఆమె భయపడుతూ రాసిన పేజీలు బాగుంటాయి. నాది సరిగ్గా తిరగేసిన పరిస్థితి. నేను నవ్వగలను, నవ్వుతున్నట్టు నాకే సగం తెలీదు. ఈ రెండు పుస్తకాల్లోనూ మొహం ఎదుటివాళ్ళ కోసం ఉన్న వస్తువు. ఆ బాధ నిజమైనదే. కానీ మొహంతోనే మనిషి వేడినీ చల్లదనాన్నీ ముద్దునీ తెలుసుకుంటుంది కదా, ఆ మొహం గురించి ఎవరు రాస్తారు?

ఈ లోపం వాళ్ళొక్కరిదే కాదు. జయప్రభ ‘చూపులు’ చదువుకుని పెరిగిన తరం మాది. ఆడ శరీరం మీద పడే చూపుని ఎదిరించడం నేర్చుకున్నాం. ఎంత బాగా నేర్చుకున్నామంటే, శరీరం గురించి మాట్లాడదామంటే ముందుగా చూపే గుర్తొస్తుంది. ‘నీలిమేఘాలు’ (1993) మళ్ళీ తిరగేశాను. మన పట్టు ఎక్కడుందో, ఎక్కడ సడలిందో అందులో తెలుస్తుంది. ఆడ్రీ లార్డ్‌ది మాత్రం కొంచెం వేరే దారి. ‘ది కాన్సర్ జర్నల్స్’ (1980)లో ఆమె కృత్రిమ రొమ్ము పెట్టుకోనంది. అది లేకుండా వస్తే క్లినిక్‌లో మిగతావాళ్ళ ధైర్యం సడలుతుందని నర్సు మందలించిన ఘట్టం అందరూ ఉదాహరిస్తారు. చూసేవాళ్ళ సుఖం కోసం నా శరీరాన్ని సర్దను అనడం ఆ ఘట్టానికి ప్రాణం. అక్కణ్ణించి ఒక్క అడుగు ముందుకేస్తే నాకు కావలసిన ప్రశ్న వస్తుంది: చూసేవాళ్ళకి సర్దడానికేమీ లేనప్పుడు, పోయినదాన్ని ఏమని చెప్పుకోవాలి?

అద్దం గురించి కాస్త ఆగి చెప్పాలి. అద్దం మీద మనం చాలా కోపంగా రాశాం, రాయాల్సిందే. ఇప్పుడు నా అద్దం పని మారింది. అన్నం తిన్నాక చూసుకుంటాను, మూతికి మెతుకు అంటుకుందేమోనని. “అమ్మా, మెతుకు” అని మా అమ్మాయి సైగ చేసేలోపు. మూతి తుడుచుకోవడం రాని ఆడపిల్లని పెంపకం సరిగా లేదంటారు మనవాళ్ళు. ఆ సిగ్గు ఈ వయసులోనూ పోలేదు. లోపలి చెంప కొరుక్కున్నానేమో టార్చిలైటు వేసి చూస్తాను, రక్తం వస్తున్నా తెలీదు గనక. బుగ్గకీ పంటికీ మధ్య ఇరుక్కున్న ముద్దని నాలుకతో కాక వేలితో వెతకాలి. కాఫీ ఎడమవైపు పెదవితో రుచి చూశాకే తాగాలి. చేపల పులుసు మానేశాను. కుడివైపు ముల్లు దొరకదు. నాకు కంటి పైపొర స్పర్శ కొంత మిగిలింది, డాక్టరు దూది పోగు తగిలించి చూస్తే రెప్ప కొట్టుకుంటుంది. అది కూడా పోయినవాళ్ళకి కంట్లో నలుసు పడినా బాధ ఉండదు, పుండు పడేదాకా తెలీదు. చుక్కల మందు వేసుకుంటూ, ఎర్రబడిందేమోనని రోజూ అద్దంలో చూసుకోవాల్సిందే. అంటే అద్దం ఇక్కడ అందానికి కాదు, చర్మానికి బదులు. స్త్రీవాద విమర్శ అద్దానికిచ్చిన అర్థాల్లో నాకు ఇది కనపడలేదు.

తెలుగులో ఈ స్థితికి పేరు పెట్టబోతే చిక్కులు ఎక్కువ. ‘తిమ్మిరి’ కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే వచ్చేది. విదిలిస్తే పోతుంది. నాది విదిలిస్తే పోదు. చేతిలోనో కాలిలోనో తెగిన నరం రోజుకి ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగగలదు. మెదడు దగ్గర వేరులో కోసినదానికి ఆ లెక్క వర్తించదు. ‘చచ్చుబడడం’ పక్షవాతానిది. ‘మొద్దుబారడం’ దగ్గరగా ఉంది గానీ ఆ మాటని ముందే వాడేసుకున్నాం. మొద్దుబారిన సమాజం, మొద్దుబారిన మనసులు: అభ్యుదయ కవిత్వంనుంచి మొన్నటి మన సంపాదకీయాల దాకా, ఎదుటివాడికి మనసు లేదని చెప్పాలంటే ఇదే తిట్టు. జబ్బుల్ని రూపకాలుగా వాడితే దెబ్బ రోగులకే తగులుతుందని సూసన్ సొంటాగ్ 1978లోనే క్షయ, కాన్సర్ల గురించి చెప్పింది. ఇక ‘స్పర్శ లేదు’ అన్న మాట. మన ఊళ్ళ గోడల మీద ఆరోగ్య శాఖవాళ్ళ రాతలు చూసినవాళ్ళకి అది వినగానే గుర్తొచ్చేది కుష్టు. స్పర్శ లేని మచ్చ ఆ జబ్బుకి మొదటి గుర్తు. వేడి తెలియక పొయ్యి దగ్గర చేతులు కాల్చుకున్న ఆడవాళ్ళు ఈ దేశంలో తరతరాలుగా ఉన్నారు. తిమ్మిరి అనుభవం మన నేల మీద కొత్తదేమీ కాదు. దాన్ని అనుభవించినవాళ్ళని ఊరవతల పెట్టాం గనక వాళ్ళ మాటలు మనదాకా రాలేదు. పదం లేదని బాధపడేముందు ఇది ఒప్పుకోవాలి.

వైద్యం దగ్గర ఏ మాటలున్నాయో కూడా చూద్దాం. 1996లో అమెరికాలో బార్కర్, జనెటా తదితరులు రక్తనాళం జరిపే ఆపరేషన్ చేయించుకున్న 1185 మంది గురించి ఒక వ్యాసం ప్రచురించారు. పదేళ్ళ తర్వాత 70 శాతం మందికి ఫలితం చాలా బాగుందన్నారు. నొప్పి తిరగబెట్టే అవకాశాన్ని సూచించే అంశాల్లో ‘ఆడవాళ్ళయి ఉండడం’ ఒకటని కూడా అందులో ఉంది. ఎందుకన్నది నాలాంటివాళ్ళకి పెద్ద ప్రశ్న. పట్టికలో అదొక వరస. ఇక తిమ్మిరికి వాళ్ళు వాడే కొలబద్ద అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉన్న బారో న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ పేరు మీదుంది. మెట్లు నాలుగు. ఒకటి, తిమ్మిరి లేదు. రెండు, కొంచెం ఉంది, ఇబ్బంది లేదు. మూడు, కొంత ఇబ్బంది. నాలుగు, చాలా ఇబ్బంది. నొప్పికి 78 మాటలు, తిమ్మిరికి ‘ఇబ్బంది’ అన్న ఒకే మాట, పెంచుతూ తగ్గిస్తూ. పైగా ఇబ్బంది ఉందని చెప్పడానికి ఎవరికెంత హక్కుందన్నది కొలబద్ద చూడదు. నొప్పి పోగొట్టిన డాక్టరు ఎదురుగా కూర్చుని “ఇబ్బందిగా ఉందండీ” అనడానికి మన ఆడవాళ్ళకి ఎంత మొహమాటం! కృతజ్ఞత లేనిదంటారేమోనని. మా పిన్ని అయితే అననే అంది: “పోయిన ప్రాణం వచ్చింది, చెంప సంగతి ఎందుకే?”

స్కారీ వాదన కూడా ఇక్కడికొచ్చేసరికి సరిపోదు. ఆమెకి నొప్పి ఒకవైపు, భాషా లోకమూ మరోవైపు. కొద్దిమందికి కోసిన నరం వల్ల మొద్దుబారిన చోటే నొప్పి మొదలవుతుంది. లాటిన్‌లో దాన్ని ‘అనస్తీషియా డొలొరోసా’ అంటారు. గుచ్చినా తెలియని చెంప ఆగకుండా మండుతుంది. ఉన్నదీ లేనిదీ ఒకేచోట. నాకది రాలేదు. వచ్చిన ఒకామెని కలిశాను. ఆమె చెప్పింది విన్నాక నొప్పీ తిమ్మిరీ ఒకదానికొకటి వ్యతిరేకం అని రాయడానికి నాకు చెయ్యి రాదు.

ఆమె పరిచయం న్యూరాలజీ ఓపీ బెంచి మీద. అక్కడ కూర్చున్నప్పుడల్లా పక్కనున్న ఆడవాళ్ళని అడగడం అలవాటు చేసుకున్నాను: మీకెలా ఉంటుంది? ఒకావిడ, వేరే ఎవరి చెంపో తెచ్చి నాకు అతికించినట్టుంది అంది. ఇంకొకావిడ అట్టముక్క అంది. కొవ్వొత్తి మైనం అంది ఒక డిగ్రీ చదివే పిల్ల. ముక్కుపుడక ఎప్పుడు ఊడిందో కూడా తెలీలేదట. సిద్దిపేట వైపునుంచి వచ్చిన ఒక పెద్దామె చాలాసేపు ఆలోచించి, “గోడకు సున్నమేసి ఎండినంక బిర్రుగ అయితది సూడు, గట్లుంటది బిడ్డా. ఒగలు ముద్దు వెట్టుకున్నా గోడకే వెట్టినట్టు” అంది. ఆమె మనవడు ఫైలు నా చేతికిచ్చి, ఏం రాశారో చదవమన్నాడు. రెండో మెట్టు అని ఉంది. కొంచెం ఉంది, ఇబ్బంది లేదు.