ఎడమకాలి పాఠం

హైస్కూలు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దే పీఈటీ సార్ల పనితనమంటే నాకు గౌరవం. నలుగురు పిల్లలు చుట్టూ నిలబడి బంతి అందించుకుంటుంటే, మధ్యలో ఒకడు దాన్ని లాక్కోవాలి. దీన్ని రొండో అంటారు. చూడ్డానికి పిల్లలాటే. కానీ బంతి కాలికి చేరకముందే తలెత్తి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసుకునే అలవాటు అక్కడే పడుతుంది. మైదానం చుట్టూ ఎన్ని రౌండ్లు పరిగెత్తించినా దమ్ము పెరుగుతుంది గానీ ఆ చూపు రాదు.

ఈ విద్యలో మన హైదరాబాదు సామాన్యమైంది కాదు. బడిపంతులుగా పనిచేసి, 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణాలు సాధించిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. ఎడమకాలితో తడబడే పిల్లాడి పక్కన రోజూ ఓపిగ్గా నిలబడే సారు మీ ఊరి బడిలోనూ ఉంటే, ఒకసారి వెళ్లి నమస్కారం పెట్టి రండి.