పురస్కారాన్ని ప్రకటించడం, వివరించడం: హ్యూస్టన్ ‘ఆస్పైర్’ పథకంపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- పనితీరు ఆధారిత పురస్కార పథకాన్ని సిబ్బందికి తెలియజేయడంలోని దశలను గుర్తించగలుగుతారు;
- హ్యూస్టన్ స్కూలు డిస్ట్రిక్ట్ అనుసరించిన పద్ధతి గుణదోషాలను వివరించగలుగుతారు;
- అలాంటి పథకాన్ని మదింపు చేయడానికి తగిన ప్రశ్నలు వేయగలుగుతారు.

1. ప్రస్తావన

ఉద్యోగికి ఇచ్చే డబ్బు ఏ లెక్క ప్రకారం వచ్చిందో ఆ ఉద్యోగికి తెలియాలా? తెలియాలని అందరూ అంటారు. కానీ ‘తెలియజేయడం’ అంటే ఏమిటన్న దగ్గరే అభిప్రాయభేదాలు మొదలవుతాయి. సర్క్యులర్ పంపితే తెలియజేసినట్టేనా? సమావేశం పెడితే సరిపోతుందా? లేక ఉద్యోగి తానే కాగితం, కలం పట్టుకుని లెక్క సరిచూసుకోగలిగినప్పుడే తెలియజేసినట్టా?

మనకు తెలిసిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. తెలుగు రాష్ట్రాల్లో పీఆర్సీ ఉత్తర్వు వెలువడగానే ఉపాధ్యాయులు తమ కొత్త మూలవేతనాన్ని తామే లెక్క కట్టుకుంటారు. పాత బేసిక్, కరవు భత్యం, ఫిట్‌మెంట్ శాతం, మాస్టర్ స్కేలు అన్నీ బహిరంగంగా ఉంటాయి. ఫిట్‌మెంట్ చాలలేదని ఆందోళన చేసినవారు కూడా లెక్క అర్థం కాలేదని అనరు. ఎంత ఇవ్వాలన్న దానిపై వివాదం ఉంటుంది గాని ఎలా వచ్చిందన్న దానిపై ఉండదు.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో దీనికి భిన్నమైన అనుభవం ఎదురైంది. ఆ అనుభవాన్ని పరిశీలించడమే ఈ భాగం ఉద్దేశం.

2. నేపథ్యం

అమెరికాలో ‘స్కూలు డిస్ట్రిక్ట్’ అంటే మన రెవెన్యూ జిల్లా వంటిది కాదు. ఒక ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలలను నడిపే ప్రత్యేక స్థానిక సంస్థ అది. సాధారణంగా దానికి ఎన్నికైన బోర్డు, ఆ బోర్డు నియమించే సూపరింటెండెంట్ ఉంటారు. ఉపాధ్యాయుల నియామకం, జీతభత్యాలు డిస్ట్రిక్ట్ పరిధిలోనివే. హ్యూస్టన్ ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ టెక్సస్‌లో అన్నిటికంటే పెద్దది. మనం పరిశీలిస్తున్న కాలంలో అందులో సుమారు 2 లక్షల మంది విద్యార్థులు ఉండేవారు.

2006లో ఈ డిస్ట్రిక్ట్ విద్యార్థుల పరీక్షా ఫలితాలతో ముడిపెట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చే పథకాన్ని చేపట్టింది. 2007 జనవరిలో తొలి చెల్లింపులు జరిగాయి. ఎవరికి ఎంత వచ్చిందో పేర్లతో సహా స్థానిక పత్రికలో వెలువడింది. కొద్ది వారాల్లోనే మరో సంగతి బయటపడింది. కంప్యూటర్ ప్రోగ్రామ్ పొరపాటు వల్ల కొందరు పార్ట్‌టైమ్ ఉపాధ్యాయులను పూర్తికాలం ఉపాధ్యాయులుగా లెక్కించారు. దాంతో సుమారు 100 మంది తమకు అదనంగా అందిన సొమ్మును తిరిగి ఇవ్వాలని డిస్ట్రిక్ట్ కోరింది.

విమర్శలు పెరగడంతో పథకాన్ని సవరించి ‘ఆస్పైర్’ అనే పేరు పెట్టారు. 2007 సెప్టెంబరులో బోర్డు సవరించిన నమూనాను ఆమోదించింది. ఆ నమూనా ప్రకారం 2008 జనవరిలో బోనస్ చెల్లించారు.

3. ఆస్పైర్: తెలియజేసిన తీరు

మొదటి ఏడాది చేదు అనుభవం నుంచి డిస్ట్రిక్ట్ కొంత నేర్చుకున్నదనడంలో సందేహం లేదు. ఒహైయో రాష్ట్రానికి చెందిన బ్యాటెల్ ఫర్ కిడ్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ సహాయం తీసుకుని సిబ్బందికి శిక్షణ ఏర్పాటు చేసింది. ప్రత్యేక వెబ్ పోర్టల్ తెరిచింది. ఏ ఉపాధ్యాయుడు ఏ తరగతికి, ఏ సబ్జెక్టుకు బోధించాడో చెల్లింపుకు ముందే సరిచూసుకునే ఏర్పాటు చేసింది. పార్ట్‌టైమ్, పూర్తికాలం తేడా వంటి తప్పులు మళ్లీ జరగకుండా ఈ చివరి ఏర్పాటు ఉపకరిస్తుంది. దీన్ని మంచి మార్పుగా గుర్తించాలి.

అయితే పురస్కారంలోని ముఖ్యభాగం ‘వాల్యూ యాడెడ్’, అంటే విలువ జోడింపు పద్ధతిపై ఆధారపడింది. విద్యార్థి గత సంవత్సరాల మార్కులను బట్టి ఈ ఏడాది ఎంత ఎదుగుదల ఆశించవచ్చో గణాంక నమూనా అంచనా వేస్తుంది. ఆ అంచనా కంటే ఎదుగుదల ఎక్కువగా ఉంటే ఆ మేరకు ఉపాధ్యాయుడు ‘విలువ జోడించినట్టు’ భావిస్తారు. హ్యూస్టన్ వాడిన నమూనా పేరు ఈవాస్. గణాంక శాస్త్రవేత్త విలియం శాండర్స్ టెనెసీలో అభివృద్ధి చేసిన పద్ధతి నుంచి ఇది వచ్చింది. దీన్ని శాస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతుంది. లెక్కలోని అంతర్గత వివరాలు ఆ కంపెనీ వ్యాపార రహస్యం.

ఈ పద్ధతి వెనుక ఉన్న ఉద్దేశం మంచిదే. చదువుకున్న కుటుంబాల పిల్లలున్న బడికీ, పేద కుటుంబాల పిల్లలున్న బడికీ కేవలం మార్కులతో పోటీ పెడితే రెండో బడి ఉపాధ్యాయులకు అన్యాయం జరుగుతుంది. ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో లెక్కలోకి తీసుకోవడం ఆ అన్యాయాన్ని తగ్గించే ప్రయత్నం. కాబట్టి ‘లెక్క క్లిష్టంగా ఉంది’ అన్న ఒక్క కారణంతో దాన్ని తోసిపుచ్చలేం.

4. విమర్శ: మూడు ప్రశ్నలు

ఒక పురస్కార పథకాన్ని సిబ్బందికి సరిగా తెలియజేశారా లేదా అని తేల్చడానికి మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు.

మొదటి ప్రశ్న: నియమం ముందుగా తెలిసిందా? 2008 జనవరిలో చెల్లించిన పురస్కారం 2006–07 విద్యా సంవత్సరపు ఫలితాలకు సంబంధించినది. నమూనాను బోర్డు ఆమోదించినది 2007 సెప్టెంబరులో. అంటే ఆ నియమాలు ఖరారయ్యే నాటికి పిల్లలు పరీక్షలు రాసి, సెలవులు గడిపి, పై తరగతిలో కూర్చున్నారు. పని అయిపోయాక ప్రకటించిన నియమం ఆ పనిని ప్రోత్సహించలేదు. అది బహుమతి కావచ్చు గాని ప్రోత్సాహకం కాదు. తరువాతి సంవత్సరాల్లో కూడా ఫలితానికీ చెల్లింపుకూ మధ్య నెలల వ్యవధి మిగిలింది. మే నెలతో ముగిసిన బోధనకు మరుసటి జనవరిలో చెక్కు వస్తే, తన ఏ పనికి ఆ సొమ్ము దక్కిందో ఉపాధ్యాయుడు ఎలా పోల్చుకుంటాడు?

రెండో ప్రశ్న: లెక్కను సరిచూసుకోగలరా? ఇక్కడే ఆస్పైర్ అన్నిటికంటే బలహీనంగా ఉంది. శిక్షణ తరగతులు విలువ జోడింపు అంటే ఏమిటో చెప్పగలిగాయి. ‘నాకు ఈ స్కోరే ఎందుకు వచ్చింది?’ అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాయి. చెప్పేవారి దగ్గర కూడా ఆ జవాబు లేదు, ఎందుకంటే అది కంపెనీ రహస్యం. ‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అని మన సామెత. ఇక్కడ చెప్పేవాడికీ పూర్తిగా తెలియదు.

ఈ లోపం చివరికి న్యాయస్థానం దాకా వెళ్లింది. తరువాతి సంవత్సరాల్లో డిస్ట్రిక్ట్ ఇవే స్కోర్లను ఉపాధ్యాయుల మదింపుకు, ఉద్యోగాల కొనసాగింపు నిర్ణయాలకు కూడా వాడింది. ఉపాధ్యాయ సంఘం, కొందరు ఉపాధ్యాయులు 2014లో ఫెడరల్ కోర్టులో దావా వేశారు. 2017 మే నెలలో ఇచ్చిన తీర్పులో న్యాయమూర్తి వారి వాదనలలో కొన్నింటిని తిరస్కరించారు. కానీ తమ స్కోరు సరిగా లెక్కించారో లేదో నిర్ధారించుకునే అర్థవంతమైన మార్గం ఉపాధ్యాయులకు లేదన్న వాదనతో కేసు ముందుకు సాగవచ్చని అన్నారు. అదే ఏడాది ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. సరిచూసుకోవడానికి వీలులేని స్కోర్ల ఆధారంగా ఉపాధ్యాయులను తొలగించబోమని డిస్ట్రిక్ట్ అంగీకరించింది. బోనస్ లెక్కగా మొదలైనప్పుడు ‘కొంచెం అర్థం కాకపోయినా ఫరవాలేదు’ అనుకున్న రహస్యం ఉద్యోగాల దాకా వచ్చేసరికి ఎంత ప్రమాదకరమో దీన్ని బట్టి గ్రహించవచ్చు.

మూడో ప్రశ్న: అందరికీ ఒకే మాట వర్తించిందా? ప్రధాన సబ్జెక్టుల్లో రాష్ట్ర పరీక్షలున్న తరగతులకు బోధించేవారికి వ్యక్తిగత లెక్క ఉంటుంది. చిన్న తరగతులవారికీ, సంగీతం, వ్యాయామ విద్య బోధించేవారికీ అలాంటి లెక్క సాధ్యం కాదు. వారి పురస్కారం పాఠశాల మొత్తం ఫలితంతో ముడిపడి ఉంటుంది. అందరికీ కలిపి ‘మీ పనితీరుకు పురస్కారం’ అని ప్రచారం చేసినప్పుడు రెండో వర్గంవారికి ఆ మాట పొసగదు. భిన్నమైన నియమాలున్నచోట భిన్నమైన వివరణ ఇవ్వడం నిర్వాహకుల బాధ్యత.

5. పోల్చి చూడదగిన మరి మూడు అనుభవాలు

(అ) న్యూయార్క్: 2007–08లో ఈ నగరం సుమారు 200 పాఠశాలల్లో బోనస్ పథకాన్ని ప్రారంభించింది. పాఠశాల లక్ష్యాన్ని పూర్తిగా చేరుకుంటే సంఘ సభ్యులైన సిబ్బంది ఒక్కొక్కరికి 3,000 డాలర్ల చొప్పున పాఠశాలకు సొమ్ము అందుతుంది. దాన్ని ఎలా పంచాలో నలుగురు సభ్యుల కమిటీ నిర్ణయిస్తుంది. కమిటీలో ఇద్దరు సిబ్బంది ఎన్నుకున్నవారు. ఇది మెచ్చుకోదగిన ఏర్పాటు. అయినా 2011లో ర్యాండ్ సంస్థ ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఉపాధ్యాయుల్లో మూడో వంతుకు పైగా పథకంలోని ముఖ్యాంశాలను అర్థం చేసుకోలేదు. పన్నులు పోను చేతికి వచ్చేది స్వల్పమని భావించినవారూ ఉన్నారు. విద్యార్థుల ఫలితాల్లో మెరుగుదల కనిపించలేదు. అదే ఏడాది పథకాన్ని నిలిపివేశారు.

(ఆ) ఉమ్మడి ఆంధ్రప్రదేశ్: 2005లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు సహకారంతో గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీన్ని అధ్యయనం చేశారు. సగటు మార్కుల్లో 5 శాతం దాటిన ప్రతి శాతం పెరుగుదలకు 500 రూపాయలు అన్నది మొదటి ఏడాది నియమం. పెరుగుదల 15 శాతమైతే 5 తీసివేయగా 10 మిగులుతుంది. బోనస్ 5,000 రూపాయలు. మండల సమన్వయకర్తలు ప్రతి బడికీ స్వయంగా వెళ్లి పిల్లల ప్రగతి నివేదికలు ఇచ్చి, పథకాన్ని నోటితో చెప్పి, రాతపూర్వకంగానూ అందజేశారు. రెండేళ్ల తరువాత బోనస్ పొందే అవకాశమున్న బడుల పిల్లలు గణితంలోనూ, భాషలోనూ ఇతర బడుల పిల్లల కంటే మెరుగైన ఫలితాలు సాధించారు.

(ఇ) నాష్‌విల్: టెనెసీలోని ఈ నగరంలో 2006–07 నుంచి మూడేళ్లు 5 నుంచి 8 తరగతుల గణిత ఉపాధ్యాయులకు గరిష్ఠంగా 15,000 డాలర్ల బోనస్ ప్రకటించారు. గత ఫలితాల ఆధారంగా అర్హత గీతలను ముందే నిర్ణయించారు. ఉపాధ్యాయులు ఒకరితో ఒకరు పోటీ పడనక్కరలేదు. అయినా మొత్తం మీద విద్యార్థుల ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. ఐదో తరగతిలో కనిపించిన కొంత మెరుగుదల కూడా నిలవలేదు.

6. చర్చ

ఈ అనుభవాలను చూసి ‘లెక్క సులువుగా ఉంటే ఫలితాలు వస్తాయి, క్లిష్టంగా ఉంటే రావు’ అని తేల్చడం తొందరపాటు. నాష్‌విల్ అనుభవం ఆ వాదనను నిలవనివ్వదు. అక్కడ గీత ముందే తెలుసు, సొమ్మూ పెద్దదే, అయినా ఫలితం లేదు. మన రాష్ట్రంలో జరిగిన ప్రయోగానికి పరిస్థితులు వేరు, పిల్లల స్థాయి వేరు. ఆ విజయాన్ని సులువైన సూత్రానికి మాత్రమే ఆపాదించలేం.

మరి తెలియజేయడానికి అంత ప్రాధాన్యం ఎందుకు? మార్కులు పెంచడం కోసం కాదు. జీతంలో భాగంగా వచ్చే సొమ్ముకు కారణం తెలుసుకోవడం ఉద్యోగి హక్కు. ఆ హక్కును మార్కుల పెరుగుదలతో కొలవకూడదు. ఫలితం వచ్చినా రాకపోయినా అది హక్కుగానే ఉంటుంది. ఆస్పైర్ నిర్వాహకులు ఉపాధ్యాయులను ఒప్పించడానికి శ్రమించారు. సరిచూసుకునే సాధనాన్ని మాత్రం వారి చేతికి ఇవ్వలేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. న్యాయమైన లెక్క ఎప్పుడూ కొంత క్లిష్టంగానే ఉంటుంది, దాన్ని సులువు చేస్తే పేద పిల్లల బడులు నష్టపోతాయి కదా అని అడగవచ్చు. ఈ అభ్యంతరంలో బలముంది. కానీ క్లిష్టత వేరు, రహస్యం వేరు. ఆదాయపు పన్ను లెక్క కూడా క్లిష్టమే. అయినా నియమాలన్నీ బహిరంగం కాబట్టి తెలిసినవారి సహాయంతో ఎవరైనా సరిచూసుకోవచ్చు. విలువ జోడింపు నమూనాను కూడా బహిరంగంగా ఉంచి, సంఘం తరఫున గణాంక నిపుణుడు పరిశీలించే వీలు కల్పించి ఉంటే ప్రతి ఉపాధ్యాయుడికీ ఆ గణితం రాకపోయినా నమ్మకం కలిగేది. అలా వీలు కల్పించడం సాధ్యం కాదనుకుంటే, ఆ స్కోరును జీతానికి ముడిపెట్టకపోవడమే ఉచితం.

7. సారాంశం

హ్యూస్టన్ డిస్ట్రిక్ట్ తొలి ఏడాది పొరపాట్ల తరువాత ప్రచారాన్ని, శిక్షణను, వివరాల సవరణను మెరుగుపరిచింది. అయితే నియమాలను ముందుగా ప్రకటించడంలోనూ, లెక్కను సరిచూసుకునే వీలు కల్పించడంలోనూ వెనుకబడింది. స్పష్టమైన వివరణ ఒక్కటే ఫలితాలకు హామీ కాదని ఇతర అనుభవాలు సూచిస్తున్నాయి. అయినా సిబ్బంది పట్ల న్యాయంగా వ్యవహరించాలంటే అది తప్పనిసరి. రేపు మీరు ఉపాధ్యాయులుగానో, విద్యాశాఖలో ఉద్యోగులుగానో ఇలాంటి ఉత్తర్వును అందుకోవచ్చు, లేదా మీరే రాయవలసి రావచ్చు. అప్పుడు ముందుగా చూడవలసిన సంగతి ఇది: ఆ కాగితం చదివిన వ్యక్తి తనకు రావలసినదాన్ని తానుగా, లేదా తాను నమ్మినవారి సహాయంతో, లెక్క కట్టుకోగలడా?

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. విలువ జోడింపు పద్ధతి ఉద్దేశమేమిటి? హ్యూస్టన్‌లో దాన్ని వాడిన తీరుపై వచ్చిన ప్రధాన అభ్యంతరమేమిటి?
2. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రయోగంలోని మొదటి ఏడాది నియమం ప్రకారం సగటు మార్కుల్లో 12 శాతం పెరుగుదల ఉంటే బోనస్ ఎంత? (జవాబు: 3,500 రూపాయలు)
3. ‘క్లిష్టత వేరు, రహస్యం వేరు.’ ఈ వాక్యాన్ని మీకు తెలిసిన ఏదైనా చెల్లింపు విధానానికి అన్వయించి 15 పంక్తుల్లో చర్చించండి.