గాజు తొట్టిలో సముద్రము: వడపోత సాధనముల ఎంపికపై ఒక విమర్శ

మా గోదావరిఖనికి సముద్రము మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్నది. అయినను ఉప్పునీటి తొట్టి పెట్టి అందులో ప్రవాళ భిత్తికను పోలిన చిన్న లోకమును చూడవలెనను కుతూహలము విద్యార్థులలో కనబడుచున్నది. వారు వచ్చి మొదట అడుగునది ఒక్కటే: "సార్, ఏ ఫిల్టరు కొనమంటారు?" అంగడిలో దొరకు సమాధానమును ఒక్కటే: "తొట్టి ఎన్ని లీటర్లో చెప్పండి, దానికి సరిపడు డబ్బా ఇచ్చెదము." ప్రశ్న, సమాధానము రెండును దారి తప్పినవే. ఆ సాధనము నీటిలోనుండి దేనిని బయటికి తీయుచున్నదో ఇద్దరిలో ఎవరును అడుగుట లేదు.

మొదట డబ్బామీది అంకెను చూతము. గంటకు 600 లీటర్లు అని అచ్చువేసి యుండును. అది నీటిని పైకెత్తు పని లేనప్పుడు, స్పాంజి ఇంకను శుభ్రముగా ఉన్నప్పుడు వచ్చు ప్రవాహము. ఒక బకెటు, గడియారము ఉన్న చాలును, దీనిని ఎనిమిదవ తరగతి విద్యార్థియే పరీక్షింపవచ్చును. 10 లీటర్ల బకెటు నిండుటకు 80 సెకండ్లు పట్టినచో అసలు ప్రవాహము గంటకు 450 లీటర్లే. అయితే ఇది చిన్న దోషము. పెద్ద దోషము వేరొకటి కలదు.

లోపలి కొలతలు 60, 30, 36 సెంటీమీటర్లు గల తొట్టిలో సుమారు 65 లీటర్లు పట్టును. ఇసుక, రాళ్ళు, పై ఖాళీ పోగా నీరు 50 లీటర్లని అనుకొందము. చేపలకు రోజుకు 0.2 గ్రాముల ఎండు మేత వేసితిమి. ఆ మేతలో నూటికి 45 పాళ్ళు మాంసకృత్తులు, మాంసకృత్తులలో నూటికి 16 పాళ్ళు నత్రజని. అనగా దినమునకు 14.4 మిల్లీగ్రాముల నత్రజని తొట్టిలో దిగుచున్నది. దానిలో హెచ్చు భాగము చేప మొప్పలద్వారా అమోనియాగా వెలువడును. మంచినీటి తొట్టిలో pH 7 వద్ద ఈ అమోనియాలో విషరూపమున ఉండునది నూటికి ఒక పాలైనను కాదు. సముద్రపు నీటి pH 8.2 వద్ద అది ఏడెనిమిది పాళ్ళగును. మంచినీటి చేపలను పెంచి అనుభవమున్నవారు ఉప్పునీటిలో దెబ్బతినుటకు ఇదొక కారణము.

ఈ విషమును హరించునవి సూక్ష్మజీవులు. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోసింగ్, మ్యుంట్జ్ అనువారు మురుగునీటిని ఇసుక గొట్టముద్వారా పంపి, అమోనియా నైట్రేటుగా మారుట జీవక్రియయేనని చూపిరి. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ ఆ జీవులను వేరుచేసెను. నేడు అంగళ్ళలో అమ్ము డబ్బా ఫిల్టర్లు, అనగా స్పాంజి, పింగాణీ ఉంగరములు కుక్కిన మూత డబ్బాలు, చేయునది ఆ ఇసుక గొట్టము చేసిన పనియే. పని మంచిదే, అయితే సగము పని. అమోనియా నైట్రేటగును, నైట్రేటు తొట్టిలోనే ఉండును. పై లెక్కనే సాగింపుడు. నత్రజని అంతయు నైట్రేటైనచో దినమునకు లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు, వారమునకు 9 మిల్లీగ్రాములు చేరును. వారమునకు పదోవంతు నీరు మార్చుడని పుస్తకములు చెప్పును. పదోవంతు నీటితో పోవునది 9 మిల్లీగ్రాములు కావలెనన్న, తొట్టిలో అప్పటికి 90 ఉండవలెను! అక్కడికి చేరువరకు నైట్రేటు పెరుగుచునే ఉండును. సముద్రములో ప్రవాళములు పెరుగు తావున అది ఒక మిల్లీగ్రాముకు ఎంతయో తక్కువ.

ఈ లెక్కను నేను ముందుగా వేసికొనక అట్టి డబ్బాను ఒకదానిని కొంటిని. నాలుగు నెలలు నీరు అద్దమువలె ఉండెను. చూచినవారందరు మెచ్చిరి. ఒకనాడు పరీక్షింపగా నైట్రేటు రంగు పట్టికలోని చివరి గడిని దాటెను. నీరు తేటగా నున్నంత మాత్రమున శుద్ధముగా నున్నట్లు కాదని తరగతిలో ఎన్నిమార్లు చెప్పియుందునో!

కుళ్ళకముందే మలినమును తీసివేయు సాధనమొకటి కలదు. దానిని ప్రోటీన్ స్కిమ్మరు అందురు. మన ప్రాంతపు పిల్లలకు దీనిని బోధించుట సులభము. బొగ్గును శుద్ధిచేయు విధానములలో నురుగు ప్లవన ప్రక్రియ ఒకటి: నీటిని ఇష్టపడని బొగ్గు నలుసులు గాలి బుడగలకు అంటుకొని పైకి తేలును, మట్టి క్రిందనే ఉండును. పదవ తరగతిలో ఖనిజముల పాఠమున వచ్చునదియు ఇదే. స్కిమ్మరులో బొగ్గు నలుసుల స్థానమున మాంసకృత్తులు, క్రొవ్వు పదార్థములు బుడగలకు అంటి, గోధుమరంగు నురుగై పైనున్న గిన్నెలో పడును. మంచినీటిలో ఈ యంత్రము సరిగా పనిచేయదు, ఏలనన బుడగలు ఒకదానితో నొకటి కలిసి పెద్దవగును. రెండు సీసాలు తీసికొని, ఒకదానిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపి, రెంటిలోను గాలి రాయితో బుడగలు పంపి చూపుడు. ఉప్పునీరు పాలవలె తెల్లబారును. పరిమితియును చెప్పవలెను: అమోనియా బుడగకు అంటదు. కావున స్కిమ్మరు ఉన్నది గదా అని చేపలను పెంచుకొని పోరాదు.

"మన గని బొగ్గునే కడిగి వేసిన చాలదా?" అని ఒక విద్యార్థి అడిగెను. చాలదు. ఫిల్టరులో వేయు ఉత్తేజిత కర్బనము బొగ్గునుండి గాని కొబ్బరి చిప్పలనుండి గాని చేయబడినదే, కాని అది ఆవిరి సమక్షమున అధిక ఉష్ణోగ్రతలో కాల్చి సూక్ష్మ రంధ్రములు తెరచినది; ఒక్క గ్రాములో ఐదువందల చదరపు మీటర్లకు మించిన తలమున్నది. గని బొగ్గులో ఆ రంధ్రములు తెరువబడి యుండవు, పైగా బూడిద, గంధకము కలిసి యుండును. ఉత్తేజిత కర్బనమైనను రంగును, కొన్ని కర్బన పదార్థములను మాత్రమే పట్టును. నైట్రేటు దానికి లొంగదు.

విదేశీ గ్రంథములు ఇంకొక మార్గము చూపును. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ప్రకటించిన పద్ధతిలో ఫిల్టరే లేదు: సముద్రమునుండి తెచ్చిన సజీవ శిలలు, కొంచెము గాలి, అంతే. రంధ్రములుగల రాతి పైపొరలో అమోనియా నైట్రేటగును. ఆమ్లజని చొరని లోతులలో వేరు సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి వెడలగొట్టును. శాస్త్రరీత్యా ఇంతకన్న అందమైన ఫిల్టరు లేదు. కాని ఈ సలహాను మన దేశమున ఉన్నదున్నట్లు వల్లించుటను నేను ఖండించుచున్నాను. భిత్తికలు నిర్మించు ప్రవాళములన్నియు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. మన్నారు సింధుశాఖ వద్దనో అండమానులోనో పెరికిన రాతిని ఎవరైన అమ్మజూపినచో అది నేరము. రంధ్రములుగల ఎండు సున్నపురాయి గాని, కాల్చిన పింగాణీ రాయి గాని తెచ్చి, చేపలు వేయకముందు ఆరు, ఎనిమిది వారములు ఓపికపట్టినచో సూక్ష్మజీవులు తామే నెలకొనును. ఓపికకు ధర లేదు గనుక కాబోలు, దానిని ఎవరును అమ్మజూపరు.

ఇక మా ఊరి సంగతి. వేసవిలో 45 డిగ్రీలకు చేరు చోట నీటిలోపలి ప్రతి యంత్రమును ఒక పొయ్యియే. 20 వాట్ల పంపు 50 లీటర్ల నీటిని, వేడి బయటికి పోని యెడల, గంటకు డిగ్రీలో మూడోవంతుకు పైగా వేడిచేయును. ఆమ్లజనియు తక్కువే: 25 డిగ్రీల వద్ద మంచినీటిలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు కరగగా సముద్రపు నీటిలో 6.7 మాత్రమే కరగును, వేడి పెరిగినకొలది ఇంకను తగ్గును. కరెంటు పోయి మూత డబ్బాలో నీరు నిలిచినచో, లోపలి సూక్ష్మజీవులు ఉన్న ఆమ్లజనిని వాడివేసి కుళ్ళు మొదలగును. కరెంటు రాగానే ఆ నీరంతయు చేపలమీదికి వచ్చును. అట్లాగినపుడు డబ్బాను విప్పి కడిగిన తరువాతనే నడుపవలెను.

కావున 65 లీటర్ల తొట్టికి నేను చెప్పునది ఇది: మూత డబ్బా వద్దు. రంధ్రపు రాళ్ళు నాలుగైదు కిలోలు, ప్రవాహమునకు చిన్న పంపు, డబ్బున్నచో చిన్న స్కిమ్మరు. స్పాంజి పెట్టినచో వారమునకు రెండుమార్లు తొట్టినుండి తీసిన ఉప్పునీటిలో పిండవలెను. తొట్టిలో పోయునది ఆర్.ఓ. నీరు, కలుపునది సముద్రపు ఉప్పు మిశ్రమము, వంటింటి ఉప్పు కాదు. ఆవిరైన నీటికి బదులు ఏనాటికానాడు మంచినీరే పోయవలెను. 50 లీటర్లలో ఒక లీటరు ఎండినచో లవణత 35 నుండి 35.7కు ఎక్కును, మే నెలలో అది ఎండుటకు ఎంతో కాలము పట్టదు. చేపలు రెండే, అవియు ఆవరణలలో పిల్లలు చేయించిన విదూషక చేపలు. పగడములకై పట్టుబట్టరాదు. మిగిలిన డబ్బుతో నైట్రేటు పరీక్ష పెట్టెను, బ్యాటరీతో నడుచు గాలిపంపును కొనవలెను. ఆ గాలిపంపు రెండువందల లీటర్ల బొమ్మ ముద్రించిన ఏ డబ్బాకన్నను చవుక, కరెంటు పోయిన రాత్రి అక్కరకు వచ్చునదియు అదియే.