వెంపటి చినసత్యం: కూచిపూడి నృత్యనాటకానికి కొత్త నడక

వెంపటి చినసత్యం (1929–2012) పేరు చెప్పగానే చాలామందికి పద్మావతీ శ్రీనివాస కల్యాణం, క్షీరసాగర మథనం, శ్రీకృష్ణ పారిజాతం గుర్తుకొస్తాయి. రాత్రంతా సాగే కూచిపూడి ఆటను నగరాల నాటకశాలలకు తగినట్టు మలిచిన నాట్యాచార్యుడు ఆయన. ఆ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే, ఆయన చేతికొచ్చిన నాటకం ఎలా ఉండేదో ముందు చూడాలి.

కృష్ణా జిల్లా కూచిపూడి భాగవతుల మేళాల్లో అందరూ మగవాళ్లే. ఆడవేషాలూ వాళ్లే కట్టేవారు. కాగడాల వెలుగులో, గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమనే మంటల మధ్య పాత్రలు రంగం మీదికి వచ్చేవి. ముఖ్యపాత్రకు ప్రవేశదరువు ఉంటుంది. తానెవరో, తన గొప్పేమిటో పాత్రే పాడుతూ ఆడుతూ చెప్పుకుంటుంది. భామాకలాపంలోనైతే, ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా ముందు సత్యభామ జడ మాత్రమే ఇవతలికి పడుతుంది. మనిషి కనబడకముందే ఆమె అతిశయం సభకంతా తెలిసిపోతుంది. సూత్రధారుడు తాళం వేస్తాడు, పాడతాడు, భామ చెలికత్తె మాధవిగా మారి ఆమెతో మాటకు మాట ఆడతాడు. నటుడికి గొంతూ కాలూ రెండూ పలకాల్సిందే. అప్పటికప్పుడు పుట్టే చమత్కారమే ఆ ఆటకు సగం బలం.

చినసత్యం పుట్టింది ఆ ఊళ్లోనే. తాడేపల్లి పేరయ్యశాస్త్రి, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటి గురువుల దగ్గర నేర్చుకుని మద్రాసు చేరారు. అన్న వరసైన వెంపటి పెదసత్యం అప్పటికే సినిమాల్లో నృత్య దర్శకుడు. ఆయన వెంట చినసత్యం కూడా సినిమాలకు పనిచేశారు. ఎక్కడ సాగదీయకూడదో, బృందంలో ఎవరు ఎక్కడ నిలబడాలో ఆయనకున్న పట్టులో ఆ రోజుల పాత్ర కొంత ఉండే ఉంటుంది. 1963లో మద్రాసులోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించాక సినిమా వెనకబడి, బోధన, నృత్యనాటకాల కూర్పు ఆయన జీవితమయ్యాయి.

ఆయన చేసిన అతి ముఖ్యమైన మార్పు గొంతుకు సంబంధించినది. పాడే బాధ్యత నర్తకుల నుంచి తీసి, రంగం పక్కన కూర్చున్న గాయకులకు అప్పగించారు. నర్తకి పెదవులు కదిపి అభినయిస్తే చాలు. ఇది వట్టి సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు కాదు. ఊపిరి మిగిలిన నర్తకి వేగమైన జతులు ఆడగలదు, మోకాళ్లు వంచిన అరమండి భంగిమలో ఎక్కువసేపు నిలవగలదు. గొంతు లేదన్న కారణంతో మంచి నర్తకిని వదులుకోవాల్సిన పనీ ఉండదు. అడవులను, అంటే నృత్యపు ప్రాథమిక అడుగులను, వరసక్రమంలో పెట్టి, అంగశుద్ధి మీద పట్టుబట్టి నేర్పడంతో, భాగవతుల ఇళ్లలో పుట్టనివాళ్లకూ ఆ విద్య అందింది. ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఒకప్పుడు మగవాళ్లు ఆడవేషం కట్టిన నాటకంలో ఇప్పుడు స్త్రీలు దేవుళ్లుగా, రాజులుగా నిలిచారు. అలాంటి పురుషపాత్రలకు పేరు తెచ్చుకున్నవారిలో మంజుభార్గవి ఒకరు.

కూర్పులో ఆయన ఒంటరి కాదు. ఎస్‌.వి. భుజంగరాయశర్మ సాహిత్యం సమకూర్చారు. ఘంటసాలకు చిరకాల సహచరుడైన పట్రాయని సంగీతరావు స్వరాలు కట్టారు. పాత యక్షగానంలో ఒక్కో పాత్ర వచ్చి తన వంతు ఆడి వెళ్తే, ఈ నాటకాల్లో కథను బృందమంతా మోస్తుంది. క్షీరసాగర మథనం కథే అలాంటిది. వాసుకిని చెరోవైపు పట్టి లాగే దేవదానవులు లేకుండా అది నడవదు. ప్రవేశదరువులు ఉన్నాయి గానీ కురచబడ్డాయి. ఆ నిడివి తగ్గింపులో రుచి తగ్గలేదు.

ఆయన ధైర్యం ఎక్కువగా కనిపించేది మాత్రం ‘చండాలిక’లో. ఠాగూర్ రాసిన ఆ కథలో యుద్ధాలు లేవు, కల్యాణాలు లేవు. అంటరానిదానిగా బతుకుతున్న అమ్మాయిని ఒక బౌద్ధ భిక్షువు మంచినీళ్లు అడుగుతాడు. ఆమె తానూ మనిషినేనని గ్రహిస్తుంది. తర్వాత నడిచేదంతా ఎక్కువగా మనసులోని కథే. దేవతల వైభవానికి అలవాటుపడిన నృత్యభాషతో సిగ్గు, ఆశ్చర్యం, మోహం, పశ్చాత్తాపం చెప్పించాలి. ఆయన శిష్యురాలు శోభానాయుడు ఆ పాత్రలో సాధించిన పేరు, ఆ భాషకు అంతటి శక్తి ఉందని చూపింది.

1967లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1998లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. ఆయన బృందం అమెరికాలోనూ ప్రదర్శనలిచ్చింది. 2012 జులై 29న చెన్నైలో కన్నుమూశారు.

ఈ పద్ధతి మీద అభ్యంతరాలు లేకపోలేదు. నటుడు నోరు విప్పకపోతే అది భాగవతం ఎలా అవుతుందన్నది సంప్రదాయవాదుల ప్రశ్న. అందులో న్యాయముంది. భామా మాధవీ ఆడుకునే మాటల సరసం గాయకుల గొంతులోకి మారాక మునుపటి పదును నిలవదు. అయితే నాటకాన్ని పుట్టిన ఊరు దాటించి, తెలుగు రాని ప్రేక్షకులనూ కూర్చోబెట్టింది ఈ దేహభాషే. పైగా చినసత్యం కాలంలో పాట, మృదంగం, నట్టువాంగం రంగం పక్కనే ఉండేవి. నర్తకి ఒక భావం దగ్గర ఆగితే పాట కూడా ఆగి, అదే పంక్తిని మళ్లీ అందుకోగలిగేది. ఇప్పుడు ఖర్చుకు జడిసి చాలాచోట్ల రికార్డు మీదే ఆడుతున్నారు. అది ఎవరి కోసమూ ఆగదు.