కడుపుమంట - నాలుగు మాటల పథ్యము

కడుపులో మంట అని చెప్పుకొన్నవానికి దొరకు సలహా ఎల్లెడల ఒక్కటే. కారము మానుము, పాలు త్రాగుము, వేళకు భుజింపుము, చింత వీడుము. ఆరోగ్య పాఠములలోను, గోడపత్రికలలోను, బంధువుల నోటను ఈ నాలుగు మాటలే వినవచ్చుచుండును. ఇవి ఎంతవరకు శాస్త్రసమ్మతములు? అనంతపురము వంటి కరవు మెట్టపై బ్రతుకు మనుష్యునకు ఎంతవరకు అక్కరకు వచ్చును? ఈ ప్రశ్నలు వేసికొనక సలహా ఇచ్చినచో నష్టపోవువాడు రోగియే.

మొదట పేరును గూర్చి. జనులు ఈ బాధను "గ్యాస్టిక్" అనియు, "గ్యాస్ ట్రబుల్" అనియు పిలుచుచున్నారు. వైద్యులు వాడు పదము గాస్ట్రయిటిస్. గ్రీకు భాషలో "గాస్టర్" అనగా కడుపు. "ఐటిస్" అను ప్రత్యయము వాపును, తాపమును తెలుపును. జీర్ణాశయపు లోపలిపొర వాచుట అని దీని అర్థము. వాయువు అను అర్థముగల "గ్యాస్" వేరొక మాట. దానిని 17వ శతాబ్దమున వాన్ హెల్మాంట్ అను రసాయనవేత్త కల్పించెను. రెండును చెవికి ఒక్కటిగా వినిపించుటచే, కడుపులో గాలి చేరుటయే రోగమని తలచి, సోడా త్రాగి త్రేనుపు రాగానే కుదిరినదని పలువురు తృప్తిపడుచున్నారు. గుండెపోటు నొప్పిని సైతము గ్యాస్ అని ఉపేక్షించి ప్రాణముమీదికి తెచ్చుకొనువారు కలరు. మాట తప్పైనచో మందును తప్పును.

ఇక కడుపు పనితీరు. అన్నము అరుగుటకై జీర్ణాశయము ఉదజహరికామ్లమును, అనగా హైడ్రోక్లోరిక్ ఆమ్లమును స్రవించును. ఇంతటి తీక్ష్ణమైన ఆమ్లము తన గోడనే తినివేయకుండుటకు, ఆ గోడపై జిగురుపొర ఒకటి కప్పబడియుండును. దానిలో ఆమ్లమును విరిచివేయు బైకార్బొనేటు ఉండును. ఈ రక్షణను నిలుపునవి ప్రోస్టాగ్లాండినులను పదార్థములు. కావున కడుపుమంట రోగమున విచారింపవలసిన ప్రశ్న ఒక్కటే: రక్షణను చెడగొట్టినది ఏది?

అనంతపురపు పల్లెలో అందరును మొదట వ్రేలు చూపునది మిరపకాయవైపు. సంగటితో ఊరిబిండి, ఉగ్గానితో మిరపకాయ బజ్జీ తినువారికి ఈ నింద సహజముగనే తోచును. అయితే మిరపలోని కాప్సైసిన్ వేడిని గుర్తించు నాడీ గ్రాహకములను ప్రేరేపించును. నిప్పు లేకయే మంట తెలియును. గాయము లేకయే నొప్పి తెలియును. ఈ గ్రాహకమును 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమానము పొందెను. అమెరికాలో డేవిడ్ గ్రాహమ్, ఆయన సహచరులు ఆరోగ్యవంతులకు కారపు భోజనము పెట్టి, కడుపు లోపలి భాగమును దర్శినితో పరీక్షించి, కంటికి కనిపించు హాని లేదని 1988లో ప్రకటించిరి. ఇదివరకే పొర వాచియున్నవానికి కారము బాధను హెచ్చించవచ్చును; అట్టివాడు తగ్గించుట ఉచితమే. కాని కారమే రోగకారణమని పాఠము చెప్పుట సరికాదు.

పాల సలహాకు పెద్ద చరిత్ర కలదు. చికాగో వైద్యుడు బెర్ట్రామ్ సిప్పీ 1915లో వ్రణరోగులకు గంటగంటకు పాలు, మీగడ ఇచ్చు పథ్యమును ప్రచారము గావించెను. పాలు ఆమ్లమును కొంతసేపు విరుచుట నిజమే. అటుపిమ్మట పాలలోని మాంసకృత్తులు, కాల్షియము ఆమ్లస్రావమును మరల ప్రేరేపించునని 1970 దశకమున పరీక్షలవలన తేలినది. పంట ఎండినప్పుడు పాలమ్మి సంసారము గడుపు రైతుకు ఈ సలహా ఖర్చుతో కూడినది, ఫలము మాత్రము క్షణికము.

చింతయే కారణమన్న వాదము 1980 దశకమున బలహీనపడినది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో హెలికోబాక్టర్ పైలోరై అను వంకర సూక్ష్మజీవిని పెంచి చూపిరి. 1984లో మార్షల్ దానిని స్వయముగా త్రాగి కడుపువాపు తెచ్చుకొనెను. 2005లో ఇరువురకును నోబెల్ బహుమానము లభించెను. ఈ జీవి సాధారణముగా బాల్యముననే ఇంటివారి ద్వారా సంక్రమించును. అది కలవారిలో అధికులకు ఏ బాధయు కలుగదు. కొందరికి మాత్రము వ్రణము, మరి కొందరికి ఏండ్ల తరువాత కడుపు క్యాన్సరు కలుగవచ్చును. దీనిని పరీక్షతో గుర్తించి, సూక్ష్మజీవి నాశక ఔషధములతో రెండు వారములలో నిర్మూలింపవచ్చును. కరవున చింత లేనివాడెవడు? చింత వీడుమని చెప్పి పంపుట, నయమగు రోగమును నయము చేయకుండుటయే.

అయినను ఆహారమునకు ప్రమేయమే లేదనుట మరియొక తప్పు. మైసూరులో శస్త్రవైద్యుడుగా పనిచేసిన ఫ్రాంక్ టోవీ, బియ్యము ప్రధానాహారమైన ప్రాంతములలో చిన్నప్రేగు మొదటి భాగపు వ్రణము ఎక్కువయనియు, దంచని గోధుమ, కొన్ని చిరుధాన్యములు తినుచోట్ల తక్కువయనియు వాదించెను. ఇది సూచనయే గాని రుజువు కాదు. రాగిసంగటి విడిచి బియ్యమునకు మారిన జిల్లాలో విద్యార్థులు ఆలోచింపదగిన సూచన.

నాలుగు మాటల సలహాపై మోపవలసిన ముఖ్యమైన దోషము అది విడిచిపెట్టినదానిలో ఉన్నది. ఈ మెట్టపై సాలీనా వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. నీటికై లోతునకు త్రవ్విన బోర్లలో పలుచోట్ల ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించును. 1995-96లో సత్యసాయి ట్రస్టు ఏడు వందలకు పైబడిన గ్రామములకు త్రాగునీరు అందించుటకు ఇదియొక నేపథ్యము. ఫ్లోరైడు కడుపులోని ఆమ్లముతో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడుగా మారి జిగురుపొరను దాటి లోపలికి చొచ్చును. అదే ఫ్లోరైడు ఏండ్ల తరబడి చేరినచో ఎముకలు, కీళ్లు నొప్పులు పెట్టును. నొప్పికి అంగడిలో బిళ్ల కొని పరగడుపున మ్రింగుదురు. ఆస్పిరిన్ వంటి నొప్పి బిళ్లలు ప్రోస్టాగ్లాండినుల ఉత్పత్తిని ఆపునని జాన్ వేన్ 1971లో నిరూపించెను. అనగా నొప్పితోబాటు కడుపు రక్షణయు పోవును. ఊరిబిండిని నిందించు సలహా ఈ బిళ్ల మాట ఎత్తదు. సారాయి, బీడీల మాటయు ఎత్తదు.

వేళకు భుజింపుమన్నది మంచి మాటయే. తెల్లవారకమునుపే కూలికి పోవువానికి ఆ వేళ ఎక్కడిది? ఉత్త టీతో పోక రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగతో తిని పొమ్మనుట ఆచరణయోగ్యమైన రూపము.

ఉపాధ్యాయులు ఈ పాఠము చెప్పునప్పుడు నిషేధముల పట్టికకు ముందు మూడు ప్రశ్నలు నేర్పవలెను: ఏ బిళ్లలు మ్రింగుచున్నావు? ఏ నీరు త్రాగుచున్నావు? సూక్ష్మజీవి పరీక్ష జరిగినదా? నల్లని విరేచనము, రక్తపు వాంతి, మ్రింగుటకు కష్టము, కారణము లేక చిక్కిపోవుట, చెమటతో కూడిన రొమ్మునొప్పి కనబడినచో పథ్యము పట్టక వెంటనే ఆసుపత్రికి పోవలెనని కూడ చెప్పవలెను. ఇంటిలో పెద్దలకు ఈ సంగతి చేరవేయగలవాడు తరచుగా తొమ్మిదవ తరగతి విద్యార్థియే.